మా ఇంటి మెరక ఏ కొండది?

కోనసీమలో ఇల్లు కట్టుకునేవాళ్ళు సిమెంటు, ఇనుము సంగతి తర్వాత చూసుకుంటారు. ముందు తేలాల్సింది మెరక, అంటే స్థలాన్ని మట్టి పోసి ఎంత ఎత్తు లేపాలన్నది. రోడ్డు కంటే రెండడుగులు ఎత్తుండాలి, పక్కింటి కంటే కనీసం అడుగుండాలి, చేతిలో డబ్బుంటే ఇంకాస్త. ఈ లెక్కలు చిన్నప్పటి నుంచీ వింటున్నాను. ఆ మెరకకి తోలే ఎర్ర గ్రావెల్ ఎక్కణ్ణుంచి వస్తుందని మా ఊళ్ళో ఎవరైనా అడగ్గా మాత్రం వినలేదు. "మెట్ట నుంచి" అంటారు, అంటే డెల్టాకి ఎగువనున్న ఎత్తు నేలల నుంచి. అక్కడితో ఆ మాట అయిపోతుంది.

మొన్న సంక్రాంతి సెలవుల్లో మా అక్కావాళ్ళతో కలిసి కోరుకొండ ఎక్కి వచ్చాను. అప్పట్నుంచి ఈ విషయం బుర్రలో తిరుగుతూనే ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొండల్ని తవ్వి గ్రావెల్ తీయడం మెట్టవాళ్ళ గొడవ అని మనం అనుకుంటున్నాం గానీ, అంతకంటే ముందు అది డెల్టావాళ్ళ గొడవ. మట్టి కావాలని అడిగేది మనం. అందులో ఎంత అవసరమో, ఎంత అక్కర్లేదో తేల్చుకోవాల్సింది కూడా మనమే. ఈ మాట అనడం తేలికే, నిలబెట్టుకోవడం కష్టమని తెలుసు. ఎక్కడెక్కడ కష్టమో కూడా రాస్తాను.

ఎత్తంటే ఏటిగట్టే

అక్కావాళ్ళు ఉండేది బెంగుళూరులో. పండక్కి వచ్చారు. కనుమ రోజంతా జగ్గన్నతోట తీర్థంలోనే గడిచింది. గంగలకుర్రు ప్రభలు, అంటే దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకొచ్చే ఎత్తైన చట్రాలు, వరిచేలు దాటి, కౌశిక కాలవలోకి దిగి, మోసేవాళ్ళు ఛాతీలోతు నీళ్ళలో నడుస్తూ అవతలి ఒడ్డుకి చేర్చడం మా మేనకోడలు మొదటిసారి దగ్గరనుంచి చూసింది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ప్రయాణమేదైనా మర్నాడే. ఎక్కడైనా ఒక కొండ ఎక్కి రావాలని దాని పట్టు. అరకు ఒక్కరోజులో అయ్యే పని కాదు. పాపికొండలంటే పడవలో కూర్చుని చూసి రావడమే, ఎక్కేదేమీ లేదు. అన్నవరం వెళ్తే కొండమీది దాకా కారు వెళ్తుంది. కారు వెళ్తుందని తెలిశాక మా ఇంట్లో ఎవరూ మెట్ల దారి పట్టరు. కోరుకొండ పేరు చెప్పింది బావగారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారితో ఫాల్గుణ మాసంలో తీర్థానికి వెళ్ళారట.

చీకటితోనే బయల్దేరాం. జొన్నాడ వంతెన మీదికి వచ్చేసరికి మంచు దట్టంగా ఉంది, కింద గోదావరి ఉందన్న సంగతి వంతెన చప్పుడుని బట్టి తెలుసుకోవాల్సిందే. వేమగిరి, రాజమండ్రి, అక్కణ్ణుంచి గోకవరం రోడ్డు. రాజమండ్రి దాటాక నేల రంగు మారుతుంది. నల్లటి ఒండ్రు వెనకపడి ఎర్రమట్టి మొదలవుతుంది. కొబ్బరి పలచబడి మామిడి, జీడిమామిడి కనబడతాయి. రెండు గంటల ప్రయాణంలో ఇంత మార్పు ఉన్నా, మా ఊరివాళ్ళం ఆసుపత్రికో పెళ్ళికో రాజమండ్రి దాకా వచ్చి వెనక్కి తిరిగేస్తాం. ఆ పైన ఉన్నదంతా మాకు "ఏజెన్సీ వైపు".

కోరుకొండ దూరం నుంచే కనబడుతుంది. చుట్టూ పొలాలు, మధ్యలో విడిగా ఒక కొండ. బోర్లించిన రథంలా ఉంటుందని అక్కడివాళ్ళంటారు. కాకతీయుల పాలన పోయాక 14వ శతాబ్దంలో ముమ్మడి నాయకుడు ఈ ఊరిని రాజధాని చేసుకుని చుట్టుపక్కల ఏలాడు. ఎందుకు దీన్నే ఎంచుకున్నాడో పైకెక్కినవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎటునుంచి ఎవరొచ్చినా కనబడతారు.

మెట్లు ఆరువందల పైచిలుకు. బాగా నిలువు. మా కాళ్ళకి ఎత్తు అలవాటు లేదు. కోనసీమలో ఎత్తంటే ఏటిగట్టు, లేకపోతే కాలవ మీద వంతెన. సైకిలు దిగి నడిపించుకుంటూ ఎక్కే చోటు ఏదైనా ఉందంటే అవే. కొంత దూరం వెళ్ళేసరికి మా అమ్మ మెట్టు మీద కూలబడింది. నేను వెనక్కి దిగిపోదామనే అన్నాను. పైనుంచి దిగివస్తున్న ఒకావిడ, వయసులో అమ్మకంటే పెద్దావిడే, ఆగి మరీ చెప్పింది. "తొందరేముందమ్మా, కూర్చుని కూర్చుని ఎక్కండి. స్వామి ఎక్కడికెళ్ళిపోతాడు!" అమ్మ లేచింది. గంటకు పైనే పట్టింది గానీ ఎక్కేసింది.

లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక గోడ పక్కన నిలబడ్డాం. అప్పటికి మంచు విడిపోయింది. ఉత్తరాన రంపచోడవరం వైపు కొండలు వరసగా ఉన్నాయి. ఇటు బూరుగుపూడి ఆవ, వానాకాలం నీళ్ళు నిలిచే పల్లపు పొలాలు. నేను కళ్ళు చికిలించి దక్షిణం వైపు చూస్తున్నాను, మా కొబ్బరితోటలు ఏమైనా ఆనతాయేమోనని. అంత దూరం ఎక్కడ కనబడుతుంది, పొగమంచులో అంతా ఒకటే బూడిదరంగు. మేనకోడలు మాత్రం దగ్గరున్నదాన్నే చూసింది.

"మావయ్యా, ఆ మెట్టకి సగం లేదేంటి?"

ఆ చిన్న కొండకి నిజంగానే సగం లేదు. ఒకవైపు పచ్చగా చెట్లు, తుప్పలు. ఇంకోవైపు ఎర్రటి గోడ, నిలువునా కోసేసినట్టు. దాని పాదాల దగ్గర టిప్పర్లు కదులుతున్నాయి. బావగారు చెప్పారు. "గ్రావెల్ క్వారీ అమ్మా. మీ అమ్మమ్మగారింటి కింద ఉన్నది అదే."

"అయితే అమ్మమ్మ ఇల్లు కొండ మీద ఉందా?"

మేమెవ్వరం నవ్వలేదు. అది అడిగిన మాటలో తప్పేమీ లేదు. మా ఇల్లు ముందువైపు మూడడుగుల మెరక మీద ఉంది. ఆ మెరకంతా ఒకప్పుడు ఎక్కడో ఒక మెట్టగా నిలబడి ఉన్న నేల. ఏ మెట్టో మాకు తెలియదు.

దిగుతున్నప్పుడు నాకు తట్టిన ఇంకో సంగతి ఉంది. మేమెక్కిన కొండ ఇన్ని వందల ఏళ్ళ నుంచి చెక్కుచెదరకుండా ఉందంటే కారణం పైన స్వామి ఉండడమే. గుడి ఉన్న కొండని గ్రావెల్ కోసం తవ్వాలంటే ఎవరైనా వెనకాడతారు. పేరూ గుడీ లేని మెట్టలకి ఆ అండ లేదు. పెద్దాపురం, సూరంపాలెం, రాజానగరం వైపు రోడ్డు మీద వెళ్తుంటే అలా కోసేసిన మెట్టలు ఎన్నో కనబడతాయి. మేకలు కాసుకునేవాళ్ళకీ, ఆ మెట్ట వాలున పడ్డ వాననీళ్ళు చెరువులోకి వచ్చే ఊరికీ దాని విలువ తెలుసు. కానీ వాళ్ళది చిన్న గొంతు.

టీకొట్టు దగ్గర

కొండ దిగాక రోడ్డు పక్కన టీ తాగడానికి ఆగాం. రేకుల కప్పు మీద, అరటిగెల మీద, బిస్కెట్ డబ్బాల మూతల మీద ఎర్రటి దుమ్ము. కొట్టావిడ గ్లాసులు రెండుసార్లు కడిగి పోసింది. మేం ఎక్కడివాళ్ళమని అడిగితే బావగారు అంబాజీపేట వైపని చెప్పారు.

"ఆయ్, అయితే మీ ఊళ్ళకేనండి వెళ్ళేది ఇవన్నీ" అంది, రోడ్డు మీద పోతున్న టిప్పర్ వైపు చెయ్యి చూపిస్తూ. "పగలు తక్కువండి. రాత్రిళ్ళు చూడాలి. మంచాలు కదిలిపోతాయి."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. వాళ్ళబ్బాయి కూడా టిప్పరే తోలుతాడట. ఆ పని లేకపోతే ఏ హైదరాబాదో వెళ్ళిపోవాల్సిందేనంది. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. కొండ పోతుందని బాధపడటానికి అక్కడ నాకున్న హక్కు ఆవిడకంటే తక్కువ. దుమ్ము ఆవిడది, జీతం ఆవిడ కొడుకుది, మెరక మాది.

ఈ వ్యాసం చదివి "క్వారీలన్నీ మూసెయ్యమంటున్నాడు" అని ఎవరైనా అనుకుంటే అందుకే ముందుగా కాదని చెప్తున్నాను. చట్టాలు ఉన్నాయి. చిన్న లీజులకి కూడా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. తవ్విన మట్టికి ప్రభుత్వానికి సీనరేజి రుసుము కట్టాలి, పర్మిట్ ఉండాలి. అవి పాటిస్తున్నారా లేదా అన్నది అధికారులు చూడాల్సిన పని, పత్రికలు రాయాల్సిన విషయం. అక్రమంగా తవ్వినా సక్రమంగా తవ్వినా తవ్విన మెట్ట మళ్ళీ రాదు కదా. నా ప్రశ్న అవతలి చివర గురించి. ఆ మట్టి దిగే చోట, మా వీధుల్లో, ఏం జరుగుతోందన్నదాని గురించి.

ధవళేశ్వరం సంగతి ఏమిటి మరి

తిరుగు దారిలో ఇదే చర్చ. బావగారు సివిల్ ఇంజనీరు. ఆయన మాట నేను తేలిగ్గా తీసెయ్యలేను.

"కొండ తవ్వొద్దంటే కోనసీమే లేదు కదయ్యా" అన్నారు. ధవళేశ్వరం వైపు కారు తిప్పమని, జనార్దనస్వామి గుడి ఉన్న చిన్న కొండ ఎక్కించారు. కోరుకొండ ఎక్కినవాళ్ళకి అదొక లెక్క కాదు. కానీ అక్కణ్ణుంచి చూస్తే డెల్టా మొత్తానికి తల ఎక్కడో తెలుస్తుంది. ఎదురుగా బ్యారేజీ. గోదావరి అక్కడ గౌతమి, వశిష్ఠగా చీలుతుంది. ఇటు ధవళేశ్వరం నుంచి తూర్పు డెల్టాకీ, బొబ్బర్లంక నుంచి మా మధ్య డెల్టాకీ, విజ్జేశ్వరం నుంచి పశ్చిమ డెల్టాకీ కాలవలు బయల్దేరతాయి. సుమారు పది లక్షల ఎకరాలు.

కాటన్ 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. ఆ చోటు ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణం పక్కనే ధవళేశ్వరం కొండ ఉండటం. రాయి దూరం నుంచి తేనక్కర్లేదు. ఆ కొండను తవ్వి తీసిన రాయిని ఏటి దాకా చేరవేయడానికి పట్టాలు కూడా వేశారు. దేశంలో మొదటి ప్రయాణికుల రైలు, బొంబాయి – ఠాణా రైలు రాకముందే ధవళేశ్వరంలో రాళ్ళబండి పట్టాల మీద నడిచింది. కాటన్‌కి కుడిభుజంగా పనిచేసిన వీణం వీరన్నగారు, వేలమంది కూలీలు, ఆ కొండరాయి కలిస్తే ఆనకట్ట. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీ 1982 నాటికి పూర్తయింది.

అంతకు ముందు ఇక్కడి జనం కరువులకీ వరదలకీ ఎన్నిసార్లు పోయారో, ఎంతమంది వలస వెళ్ళారో మా ఇళ్ళలో కథలుగా చెప్పుకుంటారు. కాబట్టి బావగారి మాట నిజమే. ఒక కొండలో కొంత భాగం పోయి పది లక్షల ఎకరాలు పండాయి. దాన్ని తప్పనగలనా? అనలేను. ఇంకా లోతుకు వెళ్తే డెల్టా అంటేనే అరిగిపోయిన కొండలు. గోదావరి దక్కను నుంచీ తూర్పు కనుమల నుంచీ వేల ఏళ్ళపాటు మోసుకొచ్చి పరిచిన ఒండ్రు మీదే మేం ఉన్నాం.

ఆ రాత్రంతా ఈ మాట నన్ను వదల్లేదు. నా వాదనలో పస ఉందా, లేక కొండ మీంచి చూసిన ఎర్రగోడ కలిగించిన దిగులేనా? మర్నాడు మా వీధిలో నడుస్తుంటే జవాబు కొంత దొరికింది. ధవళేశ్వరం రాయి ఒక్కచోట పడి అందరికీ నీళ్ళిచ్చింది. ఎగువవాడి నీళ్ళు తీసి దిగువవాడి మీద పొయ్యలేదు. మేం ఇప్పుడు తోలించుకుంటున్న గ్రావెల్ చాలావరకు చేస్తున్నది ఆ రెండో పనే.

రోడ్డు లేస్తే ఇల్లు దిగుతుంది

మా వీధిలో ఒక పెంకుటిల్లు ఉంది. నా చిన్నప్పుడు ఆ ఇంటి అరుగు ఎక్కాలంటే మూడు మెట్లు ఎక్కాలి. ఇప్పుడు రోడ్డు మీంచి ఆ అరుగు మీదికి దిగాలి. ఇల్లు కుంగిపోలేదు. ముందు మట్టిరోడ్డు మీద కంకర పోశారు, దాని మీద తారు, దాని మీద సిమెంటు రోడ్డు, అది పగిలిపోతే దానిమీదే ఇంకో సిమెంటు రోడ్డు. పాతది తవ్వి తియ్యడమన్నది ఎప్పుడూ జరగలేదు. వానపడితే రోడ్డు నీళ్ళు ఆ ఇంటి వసారాలోకి వస్తాయి. ఆ ఇంట్లో ఉండే పెద్దాయన గుమ్మం దగ్గర ఇటుకలు పేర్చి సిమెంటు పూశారు.

ఆయన పక్కింటివాళ్ళు మేడ కట్టారు. రోడ్డు ఇంకోసారి లేస్తుందని ముందే లెక్కేసుకుని స్థలమంతా నాలుగడుగుల మెరక చేయించారు. వాళ్ళ పెరట్లో పడిన వాన ఇప్పుడు పెద్దాయన పెరట్లోకి. ఇటువైపు ఇల్లు కట్టబోయేవాళ్ళు నాలుగున్నర అంటున్నారు. ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. ఎవరి ఇల్లు వాళ్ళకి మునగకూడదు. కానీ ఈ వరసకి చివరేదీ లేదు. ఒక్కొక్క ఇల్లు లేచినప్పుడల్లా పక్కిల్లు పల్లమవుతుంది, పల్లమైనవాళ్ళు మళ్ళీ గ్రావెల్‌కి ఫోన్ చేస్తారు. మెట్ట మీద టిప్పర్ నిండుతుంది.

ఇందులో గోదావరి వరద ఎంత? మా వీధి ఏటిగట్టుకి లోపల ఉంది. మా వీధిలో నేను చూసిన ముంపు అంతా వాననీళ్ళదే, వెళ్ళే దారిలేక నిలిచిన నీళ్ళది. మురుగు కాలవల్లో గుర్రపుడెక్క, తూడు. కౌశిక ఒడ్డున ఉన్న చేలవాళ్ళని అడిగితే చెప్తారు, తుఫాను వాన పడ్డాక నీరు లాగడానికి ఎన్ని రోజులు పడుతుందో. 2011లో కోనసీమ రైతులు సార్వా, అంటే వానాకాలపు వరి, మానేసి పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు వాళ్ళు చెప్పిన పెద్ద బాధ ఈ ముంపే. కనుమ నాడు ప్రభలు దిగే కౌశికని ఆ ఒక్కరోజు దండం పెట్టుకుని చూస్తాం. మిగతా ఏడాదంతా అది మన మురుగు మోస్తుందన్న ఆలోచన ఉండదు.

ఒకప్పుడు ప్రతి ఇంటి వెనకా గుంట ఉండేది. ఇల్లు కట్టేముందు పెరట్లో తవ్వేవాళ్ళు, ఆ మట్టి ఇంటికింద పోసేవాళ్ళు. ఇల్లు మెరకయ్యేది, గుంట పల్లంగా ఉండేది, వాన నీళ్ళు గుంటలోకి వెళ్ళేవి. బయటి మట్టి తట్టెడు కూడా అక్కర్లేదు. మా గుంటలో కొర్రమీనులు ఉండేవి, గట్టున మా మామ్మ బచ్చలి పెంచేది. ఇప్పుడు మా ఊళ్ళో గుంటలు వరసగా పూడుస్తున్నారు. స్థలం ధర పెరిగింది, దోమలు, పిల్లలు పడతారని భయం. వాటిని పూడ్చడానికీ గ్రావెలే. నీళ్ళు ఆగే చోటు మూసేసి, నీళ్ళు వస్తున్నాయని ఇల్లు లేపుతున్నాం. నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. లారీల్లో కొండని తెచ్చి గుంటలో పోసిన పని ఏ లెక్కన చూసినా అవసరం అనిపించదు.

బావగారు ఇక్కడ కూడా ఒక మాట అన్నారు. అది రాయకపోతే న్యాయం కాదు. మన నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే పగుళ్ళిస్తుంది. దానిమీద ఫ్లోరింగ్ వేస్తే చిట్లుతుంది. గ్రావెల్ తడిపి రోలర్ తొక్కిస్తే గట్టిపడుతుంది. గుంట మట్టితో మెరక చేసిన రోజుల్లో ఇళ్ళు పెంకుటిళ్ళు, పూరిళ్ళు, నేల పేడతో అలికేవాళ్ళు. రెండంతస్తుల మేడకి అది కుదరదు. ఇది నేను ఒప్పుకుంటాను. అయితే ఇంటి గోడల మధ్య పోసేదానికీ స్థలమంతా ప్రహరీ దాకా నింపేదానికీ ఎంత తేడా ఉందో ఆయన్నే లెక్క కట్టమన్నాను. కాగితం మీద వేశారు. మా తమ్ముడు కట్టబోయే ఇంటికి గోడల మధ్య మాత్రమే నింపితే, స్థలమంతా నింపేదాంట్లో మూడోవంతు కూడా పట్టదు. మిగతాదంతా పెరడు, కారు పెట్టుకునే చోటు, ముందు ముగ్గేసుకునే జాగా. అక్కడ నల్లమట్టి ఉబ్బితే ఏమవుతుంది?

లంకవాళ్ళ ముందు ఈ మాట అనగలనా

అనలేను. ఈ వ్యాసంలో నాకు ఇబ్బందిగా ఉన్న భాగం ఇదే.

గట్టు లోపల ఉన్నవాళ్ళకి మెరక ఒక జాగ్రత్త. గట్టుకి అవతల, నది మధ్య దీవుల్లాంటి లంకల్లో ఉన్నవాళ్ళకి ప్రాణం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకి పైగా వరద వచ్చినప్పుడు మా పెద్దవాళ్ళు ఏటిగట్టు మీద కాపలా ఉన్నారు. 2022 జూలైలో మళ్ళీ 25 లక్షలు దాటింది. వేసవి ఇంకా పూర్తిగా మర్చిపోకముందే వచ్చిన వరద అది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ అంకె టీవీలో మాకు వార్త. లంకల్లో అప్పటికే పశువుల్ని గట్టుకి తోలేసి, బియ్యం డబ్బాలు అటక మీద పెట్టేసుకుని ఉంటారు. అలాంటి చోట ఇల్లు ఇంకో రెండడుగులు ఎత్తు చేసుకుంటానంటే, కొండ పోతుందని చెప్పే నోరు నాకు లేదు. ఏటిగట్లు బలపరచడానికీ, తుఫాను షెల్టర్లకీ, ఉప్పాడ దగ్గర సముద్రం కోసేస్తుంటే పోసే రాళ్ళకీ కూడా కొండలే దిక్కు. ఎగువన డ్యాములు కట్టాక నది తెచ్చే ఒండ్రు బాగా తగ్గింది, సముద్రం అంచున నేల తరుగుతోంది. అంటే రాబోయే రోజుల్లో డెల్టాకి మట్టీ రాయీ ఇంకా ఎక్కువ కావాల్సి వస్తుంది, తక్కువ కాదు.

నా వాదనని బలహీనం చేస్తుందని మొదట అనుకున్న ఈ విషయమే చివరికి నాకు దాని అసలు బలంగా కనబడింది. నిజంగా అవసరమైన రోజున అడగడానికి ఆ మెట్టలు ఉండాలి కదా. లంకలకీ గట్లకీ కావాల్సిన దాన్ని ఇప్పుడు మేం ప్రహరీ లోపల పార్కింగ్ కింద, పూడ్చిన గుంటల్లో పోసేస్తున్నాం. జాతీయ రహదారి వెడల్పుకీ, కోటిపల్లి – నరసాపురం రైలు కట్టకీ వెళ్ళే మట్టి అందరిదీ అనుకుందాం. మా వీధిలో పక్కింటికంటే అరడుగు ఎత్తు కోసం పోసింది ఎవరిది?

"నువ్వొక్కడివి మానేస్తే ఆ మెట్ట మిగులుతుందా?" అని మా తమ్ముడు అడిగాడు. మిగలదు. నేను మానేసిన లోడు ఇంకొకరికి వెళ్తుంది. వీధిలో ఒక్క ఇల్లు పల్లంగా ఉంటే అందరి నీళ్ళూ ఆ ఇంటికే వస్తాయి కూడా. ఒక్కడు మంచివాడైతే నష్టపోయేలా ఉన్న పని ఇది. అందుకే ఎవరింటి మెరక వాళ్ళిష్టం అని వదిలేస్తే తెగదు, వీధి మొత్తం ఒక ఎత్తుకి ఒప్పుకోవాలి. ఆ ఎత్తుని నిర్ణయించేది రోడ్డు.

కాబట్టి రోడ్డు దగ్గరే మొదలుపెట్టాం. ఈ వేసవిలో మా వీధి రోడ్డు మళ్ళీ వేస్తారట. పాతది పగలగొట్టి తీసేసి, అదే మట్టానికి కొత్తది వెయ్యాలని, రోడ్డుతో పాటే మురుగు బోదె కూడా బాగుచెయ్యాలని అర్జీ రాశాం. మొదటి సంతకం పెంకుటింటి పెద్దాయనది. నాలుగడుగుల మెరక చేయించిన మేడవాళ్ళు ఆలోచించి చెప్తామన్నారు, రెండ్రోజుల తర్వాత వచ్చి పెట్టారు. తమ్ముడు గోడల మధ్య మాత్రమే నింపడానికి ఒప్పుకున్నాడు, పెరట్లో గుంట ఉంచాలా వద్దా అన్నది ఇంట్లో ఇంకా తేలలేదు. అర్జీ చూసిన ఇంజనీరు గారు పాత రోడ్డు తవ్వి ఎత్తిపొయ్యడానికి ఎస్టిమేట్‌లో డబ్బు ఉండదండీ అన్నారు. పగలగొట్టిన సిమెంటు ముక్కల్ని పునాదుల్లో నింపుకోవడానికి వీధిలో ఇద్దరు సిద్ధంగా ఉన్నారని, ఎత్తిపోతకి ఖర్చు అక్కర్లేదని రాసిచ్చి వచ్చాం. తవ్వకానికి మాత్రం ఎస్టిమేట్‌లో చోటు పెట్టమని అడుగుతున్నాం. వచ్చే గ్రామసభలో మళ్ళీ అడుగుతాం.